ఆ అర్జీ మీద నేను సంతకం ఎందుకు పెట్టలే

పోస్టు జర పొడుగుంటది. రాత్రి బువ్వ తిన్నంక తీరుబాటుగ చదవండి, తిట్టేది ఉంటే పొద్దున తిట్టండి.

వారం సంది మన నాలుగైదు ఊర్ల రైతుల పేరు మీద ఒక అర్జీ తిరుగుతున్నది. చెరువులు, కుంటల ఎఫ్‌టీఎల్‌ల, బఫర్‌ల ఉన్న పట్టా భూములకు ఆంక్షలు తీసెయ్యాలె, ఇండ్లు కట్టుకోనీకి పర్మిషన్ ఇయ్యాలె అని దాని సారం. మా ఇంటికి కూడ తెచ్చిండ్రు. చాయ్ తాగిండ్రు, పెన్ను చేతుల పెట్టిండ్రు. నేను పెట్టలే. "నీకు కుంట శిఖంల ఎకరం పది గుంటలున్నయి గద, అందరికంటె లాభం నీకే, నీకేం రోగం?" అన్నరు. ఆ మాటకు జవాబు అప్పుడు సరిగ్గ చెప్పలేకపోయిన, ఇక్కడ రాస్తున్న.

ముందు రూల్ ఏమున్నదో చూద్దాం, ఎందుకంటె అర్జీ రాసినోళ్లు కూడ పూర్తిగ చదివినట్టు లేదు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 ఇప్పటికీ ఆధారం. ఎఫ్‌టీఎల్ లోపల, శిఖం భూమిల ఏ కట్టడం ఉండొద్దు. ఆ గీత దాటినంక 10 హెక్టార్లు, అంటే మన లెక్కల సుమారు 25 ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువుకు 30 మీటర్లు బఫర్. అంతకంటె చిన్న కుంటకు 9 మీటర్లు. 10 మీటర్ల కంటె వెడల్పున్న వాగుకు, నాలాకు 9 మీటర్లు. దానికంటె సన్నపు కాలువకు 2 మీటర్లు. అంతే. కట్టొద్దన్నరు గానీ దున్నొద్దని అండ్ల ఎక్కడ లేదు. మా తాత నీళ్లు ఎంత దిగితే అంత విత్తుకుంట పోయేటోడు. నేను ఇప్పటికీ అండ్లనే పాలకూర, కొత్తిమీర వేసి సరూర్‌నగర్ రైతుబజార్‌కు తీస్కపోతున్న. ఏ ఆఫీసరూ వచ్చి పాలకూర పీకమనలే.

9 మీటర్లు అంటె ఎంత? ఎడ్లు కట్టిన బండ్లు ఒకదాని వెనక ఒకటి రెండు నిలబెడితే అయిపోతది. మన దిక్కు ఉన్నయి ఎక్కువ చిన్న కుంటలే. అంటె మనకు ఉన్న అడ్డమే రెండు బండ్ల పొడుగు. అది కూడ తీసెయ్యమని మనమే అడుగుడా?

అసలు కిటుకు బఫర్‌ల లేదు, అలుగుల ఉన్నది. ఎఫ్‌టీఎల్ అంటె కుంట నిండి అలుగు దుంకుడు షురూ అయినప్పుడు నీళ్లు ఎంత దూరం నిలుస్తయో ఆ గీత. ఇది ఇరిగేషనోళ్ల కంటె నీరటి పని చేసినోళ్లకు బాగ తెలుసు. ఇప్పుడు మన భూములు ఎట్లున్నయి? నూరు అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న నేల అనుకోండి. అలుగు రాయి ఒక్క అడుగు కిందికి కొడితే నీళ్ల గీత నూరు అడుగులు లోపలికి జరుగుతది. నూరు అడుగులు అంటె 30 మీటర్లు. పెద్ద చెరువుకు గవర్నమెంటు ఇచ్చిన బఫర్ మొత్తం ఒక గడ్డపార, ఒక రాత్రి పని. తెల్లారి వచ్చి కొలిచినోడు "ఈ ప్లాటు ఎఫ్‌టీఎల్‌ల లేదు" అని రాస్తె అది అబద్ధం కూడ కాదు. ఆ రోజు నీళ్లు అక్కడ లెవ్వు మరి.

మా కుంట అలుగు ఎవరు కొట్టిండ్రో నాకు తెల్వదు, పేరు పెట్టి అనను. కొట్టిన సంగతి మాత్రం కండ్ల జూసిన. పాత రాయి మీద పాకురు పట్టిన గుర్తు ఇంకా ఉన్నది, ఇప్పటి అలుగు దానికి మూరెడు కింద ఉన్నది.

ఇగ పర్మిషన్ ముచ్చట. 2020ల టీఎస్‌బీపాస్ వచ్చినప్పుడు మనమందరం సంబరపడ్డం, ఆఫీసుల చుట్టు తిరుగుడు తప్పిందని. నిజంగనే తప్పింది. 75 గజాల లోపు ఇల్లయితే రూపాయి కట్టి రిజిస్టర్ చేస్కోవచ్చు, 600 గజాల దాకా సొంతంగ డిక్లరేషన్ ఇస్తె అప్పటికప్పుడే పర్మిషన్. మంచిదే. కానీ కుంట పక్కన "ఇక్కడ నీళ్లు రావు" అని చెప్పేది కూడ అమ్ముకునేటోడో, కట్టుకునేటోడో అయితె, ఆ మాటను ముందుగాల తనిఖీ చేసేది ఎవరు? కేంద్రం పర్యావరణ అనుమతి అంటరు గదా, 2006 నోటిఫికేషన్ ప్రకారం అది 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచి మొదలు. 150 గజాల ఇండ్లు వంద కట్టినా ఒక్కొక్కటి వేరు వేరు పర్మిషన్ అయితె ఆ జల్లెడల పడవు. పెద్ద అపార్టుమెంటును ఒకరు చూస్తరు, చిన్న ఇంటిని ఇంకొకరు చూస్తరు, కుంటను మొత్తంగ చూసేటోడు మాత్రం లేడు.

2020 అక్టోబర్ యాదికి తెచ్చుకోండి. 13న పడ్డ వానకు మీర్‌పేట, సరూర్‌నగర్ కాలనీలల్ల నీళ్లు నిలిచినయి. నాలుగు రోజులకు మన బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది, నీళ్లు హాఫిజ్‌బాబానగర్ మీద పడ్డయి. అక్కడి ఇండ్లు మునిగినోళ్లు ఎవరు? ఆటో నడిపేటోళ్లు, బట్టలు కుట్టేటోళ్లు. ప్లాట్లు కొట్టి అమ్మినోళ్ల ఇంట్ల ఒక్కరి చెప్పు తడవలే.

"పర్మిషన్ కాగితం చేతికొస్తె ఇగ భయం ఏముంది" అని అర్జీ తెచ్చిన తమ్ముడు అన్నడు. తమ్మీ, కేరళ మరడు సంగతి విన్నవా? బ్యాక్‌వాటర్ ఒడ్డున నాలుగు అపార్టుమెంట్ల కాంప్లెక్సులు. పంచాయతీ ఇచ్చిన పర్మిషన్లు వాళ్ల దగ్గర ఉండె. తీర ప్రాంత రూల్ తప్పినయని సుప్రీంకోర్టు చెప్పింది, 2020 జనవరి 11, 12 తారీఖులల్ల బాంబులు పెట్టి కూల్చిండ్రు, దేశమంతా టీవీల చూసింది. కాగితం ఇచ్చినోళ్లు ఉన్నరు, కాగితం ఉన్నది, ఇల్లే లేదు. కొన్నోళ్లకు తలా 25 లక్షలు ముందుగాల ఇయ్యుమని కోర్టే చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర 2024 జూలైల హైడ్రా వచ్చింది. నేను హైడ్రా భక్తున్ని కాదు. ఆగస్టుల తమ్మిడికుంట కాడ పెద్ద కన్వెన్షన్ హాలు కూల్చినప్పుడు మన గ్రూపులల్ల చప్పట్లు కొట్టిండ్రు, నేనూ కొట్టిన. సెప్టెంబర్ల మూసీ ఒడ్డున పేదోళ్ల గోడల మీద ఎర్ర రంగుతోని ఆర్‌బీ-ఎక్స్ అని రాసుడు మొదలైనంక నా చెయ్యి ఆగింది. అమీన్‌పూర్‌ల సెలవు రోజు కూల్చినందుకు హైకోర్టు అధికారులను నిలబెట్టి అడిగింది గూడ. కూల్చుడు సులువు. పదేండ్ల కింద సంతకం పెట్టినోన్ని పట్టుకునుడు కష్టం. అట్లని అన్నీ చెడ్డయి కావు, అంబర్‌పేట బతుకమ్మకుంటను తవ్వి నీళ్లు తెచ్చి 2025ల తెరిచిండ్రు, పోయి చూసొచ్చిన, సంతోషమైంది. మన కుంట కూడ అట్ల కావాలంటె అర్జీల అడగాల్సింది వేరే.

ఇంకొక మాట. పడమర దిక్కు జీవో 111 యాదికి ఉన్నది గద. 1996ల గండిపేట, హిమాయత్‌సాగర్ కాపాడనీకి 84 ఊర్లల్ల కట్టడాలకు అడ్డం పెట్టిండ్రు. అక్కడి రైతులు పాతికేండ్లు కొట్లాడిండ్రు, 2022 ఏప్రిల్‌ల ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నమని ఇంకో జీవో వచ్చింది. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ ఎత్తేసే నాటికి ఎవరి భూమి ఎవరి చేతుల ఉన్నదో మొయినాబాద్ దిక్కు మీ చుట్టాలుంటె ఫోన్ చేసి అడగండి. ఆంక్ష ఉన్నన్ని రోజులు మన కాడ అగ్గువకు కొంటరు, పోయినంక పిరంగ అమ్ముకుంటరు. ఈ అర్జీ టైపు చేయించిన పైసలు ఎవరియి? నేను అడిగిన, ఒక్కలూ చెప్పలే.

నేను శుద్ధపూసను కాదు. బిడ్డ పెండ్లికి పది గుంటలు అమ్మిన, కుంట అంచుదే. కొన్నాయన "ఇక్కడ నీళ్లు వస్తయా అన్నా" అని అడిగిండు. "ఎప్పుడన్న వస్తయి" అన్న. ప్రతి ఏడు వస్తయని తెలిసి "ఎప్పుడన్న" అన్న. ఇప్పుడక్కడ రెండంతస్తుల ఇల్లున్నది. వాన పడ్డప్పుడల్ల ఆయన భార్య పిల్లలను పైఅంతస్తుకు ఎక్కిచ్చి నా దిక్కు చూస్తది, ఏమనదు. నేను ఆ తొవ్వల పోవుడు తగ్గించిన.

అందుకే సంతకం పెట్టలే. అర్జీ తిరగరాస్తె మొదటి సంతకం నాదే. ఏం రాయాల్నో చెప్త. పాత అలుగు ఎత్తు పట్టి ఎఫ్‌టీఎల్ కొలిచి, రైతుల ముందట రాళ్లు పాతాలె. ఆ రాళ్లు పాతేదాక ఆ కుంట చుట్టు ఇరిగేషనోళ్లు ఒక్క ఎన్‌ఓసీ ఇయ్యొద్దు. తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినోని ఆస్తి నుంచి కొన్నోనికి పైసలు ఇప్పియ్యాలె. శిఖం పట్టాదారుకు నష్టం అయితె గవర్నమెంటు భూమికి భూమో, టీడీఆరో ఇయ్యాలె, అది బిచ్చం కాదు, ఊరందరి నీళ్లకు మనం జాగ ఇస్తున్నం. గుడి పేరు మీద, పార్టీ ఆఫీసు పేరు మీద, గవర్నమెంటు బిల్డింగు పేరు మీద కూడ సడలింపు ఉండొద్దు.

ఆదివారం పొద్దున ఏడింటికి కట్ట మీద ఉంట. మేస్త్రీల నీళ్ల లెవల్ పైపు, సున్నం సంచి తెస్త. పాత అలుగు గుర్తు నుంచి గీత గీద్దాం, ఎవరి పొలం దాక వస్తదో అందరం కండ్ల జూద్దాం. నా అమ్మిన పది గుంటల నుంచే మొదలు పెడ్త. అర్జీ తెచ్చిన తమ్ముళ్లు తప్పకుండ రావాలె, చాయ్ నాదే.