ఊరవతల చరిత్ర – 14: ‘తవ్వించెను’ అన్న మాటలో తవ్వినవాడెక్కడ?

ఏటా మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం వస్తుంది. పత్రికల్లో అవే ఫొటోలు వస్తాయి. సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెక్కా, అక్కడి గడియారంలో గంట కొట్టే బొమ్మ కోసం ఎదురుచూసే జనం, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ. వాటి మీద నాకు కోపం లేదు. వేల ఏళ్ల కింద ఎక్కడో నైలు నది ఒడ్డున చనిపోయిన ఒక అమ్మాయి దేహాన్ని అంత భద్రంగా దాచుకోవడం మంచిదే. కానీ ఈ నేలను దున్నినవాళ్ల, ఊడ్చినవాళ్ల, కట్టినవాళ్ల గుర్తులను ఎంత భద్రంగా దాచుకున్నాం?

ఈ భాగంలో పెద్ద మ్యూజియాల గురించి కాదు, జిల్లాల్లో ఉన్న చిన్న మ్యూజియాల గురించి మాట్లాడతాను. ఆలంపురం, పానగల్లు, పిల్లలమర్రి, కొలనుపాక, కరీంనగర్ లాంటివి. వీటిని చిన్నచూపు చూడకండి. మన పిల్లల్లో చాలామంది చూసే మొదటి మ్యూజియం ఇదే. కొందరికి చివరిది కూడా ఇదే. ‘చరిత్ర అంటే ఇది’ అని బడి పుస్తకం చెప్పిన మాటకు ఇక్కడ గాజు పెట్టెలో రుజువు దొరుకుతుంది. ఆ పెట్టెలో నువ్వు లేకపోతే చరిత్రలో నువ్వు లేవని పిల్లకు అర్థమవుతుంది. ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు.

ముందు ఒక వ్యాకరణం సంగతి. తెలుగు పాఠం చెప్పుకొని బతికేదాన్ని కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మన శాసనాలు, కైఫీయతులు, మ్యూజియం పలకలు ఒకే రకం క్రియలతో నడుస్తాయి. చెరువు తవ్వించెను. గుడి కట్టించెను. విగ్రహం చెక్కించెను. తోట నాటించెను. వీటన్నిటిలోనూ ‘ఇంచు’ ఉంది. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటాం. పని చేసినవాడు ఒకడు, చేయించినవాడు ఇంకొకడు. వాక్యంలో కర్త స్థానం చేయించినవాడిది. చేసినవాడు ఆ ‘ఇంచు’ అనే రెండు అక్షరాల కింద పూడిపోతాడు.

వెయ్యేళ్ల తెలుగు నేల చరిత్రను ఈ ‘ఇంచు’ నడిపించింది. కాకతీయుల కాలం చెరువుల గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటాం! పాకాల, రామప్ప, లక్నవరం. తవ్వించిన రాజుల పేర్లు, సామంతుల పేర్లు పోటీ పరీక్షల్లో అడుగుతారు. మట్టి మోసిన తట్ట ఎవరిది? కట్టను తొక్కి గట్టిపరచిన కాళ్లు ఎవరివి? తూము దగ్గర రాత్రంతా నిలబడి ఏ మడికి ఎంత నీరు వదలాలో లెక్క కట్టిన నీరటికాడు ఎవడు? తెలంగాణ ఊళ్లలో ఆ నీరటి పని చేసింది ఎక్కువగా మాలవాళ్లు, మాదిగవాళ్లు. ఒక నీరటికి తెలిసిన నీటి శాస్త్రం ఏ శిలాశాసనం మీదా లేదు, వాళ్ల తలల్లోనే ఉండేది. తల పోయింది, శాస్త్రమూ పోయింది. శాసనం మిగిలింది. మ్యూజియం మిగిలినదాన్ని దాచుతుంది, దాచినదాన్ని చరిత్ర అంటుంది.

కైఫీయతుల సంగతీ ఇంతే. మా తెలుగు శాఖల్లో స్థానిక చరిత్ర అనగానే మెకంజీ పేరు, కావలి సోదరుల పేరు చెబుతాం. నేనూ పాఠం చెబుతాను. అవి లేకపోతే ఎన్నో ఊళ్ల కథలు పోయేవి, కాదనను. అయితే కైఫీయతు చాలావరకు కరణం నోట పలికిన ఊరు. అగ్రహారం ఎవరికి ఎప్పుడు వచ్చింది, గుడి మాన్యం ఎంత, కరణీకం ఎవరి వంశానిది. ఊరి మధ్యన కూర్చున్నవాడికి కనిపించినంత మేర ఊరు అది. ఊరవతల నిలబడి చూస్తే అదే ఊరు ఎలా ఉంటుందో అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆలంపురం రండి. తుంగభద్ర ఒడ్డు, బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, పక్కనే మ్యూజియం. అక్కడికి దగ్గర్లోనే కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా కనిపిస్తుంది. ఆ గుడి మొదట అక్కడిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని ఆ గుడిని రాయి రాయిగా విప్పి, తెచ్చి, ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని. ఒక్క రాయి తారుమారైతే గుడి నిలబడదు. కాబట్టి ప్రతి రాయికీ లెక్క ఉండాల్సిందే.

అదే నీళ్లలో అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు నూరు ఊళ్లు మునిగాయి. లక్ష మంది దాకా నిరాశ్రయులయ్యారు. 1981లో ఊళ్లను ఖాళీ చేయించారు. పరిహారం పట్టా ఉన్న భూమికి, లెక్కలో ఉన్న ఇంటికి. మరి భూమి లేని మాదిగ కూలీకి? దొర పొలంలో తరతరాలుగా పనిచేసిన జీతగాడికి? నది ఒడ్డున దోస తీగ పెట్టుకొని బతికినవాడికి? ఊరుతో పాటు పోయిన పని, పరపతి, పండగ, పూర్వీకుల సమాధులు ఏ కాగితం మీదా ఆస్తి కావు. గుడి రాళ్లకు కొత్త చోటు, కొత్త చిరునామా దొరికాయి. మనుషులు నగరాల అడ్డా కూలీలలో కలిసిపోయారు.

నాగార్జునకొండలోనూ అంతే. డ్యామ్ కింద లోయ మునిగేముందు పురావస్తు శాఖ ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించింది. కొండ మీద మ్యూజియం కట్టింది. పడవ ఎక్కి వెళ్లి చూసి రావాల్సిన చోటు, తప్పక చూడండి. బుద్ధుడు మనవాడు కూడా. చూస్తూ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ పడవ కింద ఉన్న ఊళ్ల పేర్లు ఏమిటి?

రాళ్లను కాపాడటం తప్పని నేను అనడం లేదు. రాయిని కాపాడటానికి వాడిన తెలివిలో, డబ్బులో, ఓపికలో పదో వంతు మనిషి జ్ఞాపకానికి వాడి ఉంటే ఆ మునిగిన ఊళ్ల నాటు పాటలు, బతుకమ్మ పాటలు, వాడల పటాలు ఇవాళ ఒక గదిలో ఉండేవి.

కొన్నాళ్ల కింద మా డిగ్రీ పిల్లలను ఒక జిల్లా మ్యూజియానికి తీసుకెళ్లాను. వీరగల్లులు, నాణేలు, కత్తులు, దొరల ఇళ్లలోని ఇత్తడి సామాను. చివరన ఒక మూల గోడకు డప్పు వేలాడుతోంది. కింద చిన్న చీటీ: ‘జానపద వాయిద్యం. కర్ర, తోలు.’ మా విద్యార్థిని ఒకామె దాని ముందు చాలాసేపు నిలబడింది. ఆమె తండ్రి డప్పు కొడతాడు. “మేడమ్, దీనికి సిర్ర లేదు, సిటికెన పుల్ల లేదు. ఇట్ల ఎట్ల మోగుతది?” అంది.

ఆ చీటీ ఎన్ని సంగతులు మింగేసిందో ఆ ఒక్క మాటలో బయటపడింది. ‘జానపద’ అన్న మాట ఎంత మెత్తగా కులాన్ని తుడిచేస్తుందో చూడండి. కత్తి దగ్గర ఫలానా సంస్థానాధీశునిది అని రాస్తారు. డప్పు దగ్గరకొచ్చేసరికి అది జనపదానిది అయిపోతుంది. ఆ తోలును ఊనినవాడు ఎవరు? తోలు శుద్ధి చేసే లంద దగ్గర సున్నం, తంగేడు చెక్క ఏ పాళ్లలో కలపాలో ఎవరికి తెలుసు? సావుకు కొట్టే దెబ్బ వేరు, జాతరకు కొట్టే దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరని ఆ చీటీ చెప్పదు. వెట్టి కింద కూలి లేకుండా కొట్టించుకున్నారనీ చెప్పదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక, అవమానపు గుర్తుగా ఉన్న డప్పు ఆత్మగౌరవ జెండా అయిందనీ చెప్పదు. ఇవి లేకుండా ‘కర్ర, తోలు’ అంటే, ఒక మనిషిని చూపించి ‘ఎముక, మాంసం’ అన్నట్టే.

మ్యూజియం మనకు కొత్త సంగతి అనుకునేవాళ్లు డక్కలివాళ్ల పటం చూడాలి. మాదిగల ఆశ్రిత కులాల్లో డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. చేర్యాల నకాషీ కళాకారులు గీసిన పొడవాటి గుడ్డ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మను చూపిస్తూ, కథ నడుపుతారు. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు పుట్టాడంటారు. మొదటివాడు ఎవడన్న వాదంలో ఈ కులం ఏమంటుందో ఆ పటం బొమ్మల్లో చెబుతుంది. అది సంచిలో మోసుకెళ్లే మ్యూజియం. వస్తువు ఉంది, వివరం ఉంది, వివరించే మనిషి ఉన్నాడు. చూసేవాళ్లూ ఆ కథలోవాళ్లే.

ఇవాళ ఆ పటానికి ఏమైంది? చేర్యాల బొమ్మకు పేరొచ్చింది, భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఆ కళాకారులు బతకాలి. కానీ పొడవాటి పటం ముక్కలై డ్రాయింగ్ రూమ్ గోడ మీద ఫ్రేములోకి పోయింది. బొమ్మ బతికింది, కథ చెప్పే డక్కలి కనిపించకుండా పోయాడు. ఆ ఫ్రేము పక్కన అతని కులం పేరు కూడా ఉండదు.

డక్కలి కిన్నెర సంగతి మీకు తెలిసిందే. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తేనె మైనం. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. మ్యూజియం గోడకు వాయిద్యం ఎక్కించి వాయించేవాడిని అడ్డా మీద నిలబెడితే దాన్ని పరిరక్షణ అనలేం.

ఇక్కడ మన ఇంటి మాట కూడా మాట్లాడుకోవాలి. డక్కలివాళ్లను వాడ బయట కూర్చోబెట్టింది ఎవరు? మనమే. ఊరు మనల్ని అవతల ఉంచింది, మనం వాళ్లను మన అవతల ఉంచాం. మిరాశీ ఇచ్చాం, సమానంగా పక్కన చోటు ఇవ్వలేదు. రేపు మనకంటూ ఒక దళిత చరిత్ర మ్యూజియం వస్తే డక్కలి, చిందు, మాష్టి, బైండ్ల అందులో ‘అలంకారం’ కాకూడదు. వాళ్ల గదికి వాళ్లే చీటీలు రాయాలి. మంత్రసానిగా ఊరి బిడ్డలందరినీ భూమ్మీదికి తెచ్చిన మన ముసలమ్మల పేర్లూ ఉండాలి. లేకపోతే మనమూ ‘ఇంచు’ క్రియలే రాస్తాం.

కొందరు మిత్రులు అంటారు: మనకు కావాల్సింది భూమి, ఉద్యోగం, చట్టం. మ్యూజియం ఎందుకు, అది చచ్చిన వస్తువుల కొట్టం కదా? నా జవాబు ఇది. జ్ఞాపకం లేనిచోట కేసు కూడా నిలవదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు కాగితం ప్రకారం దోషులు లేరు. చనిపోయినవాళ్లను పూడ్చిన రక్తక్షేత్రం మాత్రం ఊళ్లో ఉంది. తీర్పు మరిచిపొమ్మన్నదాన్ని ఆ నేల మరిచిపోనివ్వడం లేదు. ఏ ప్రభుత్వ శాఖా కట్టకపోయినా అది మన మ్యూజియమే.

ఇంకో అభ్యంతరం: మెడకు ముంత, నడుముకు చీపురు, వెట్టి గుర్తులు చూపించి మళ్లీ మనల్నే అవమానించుకోవాలా? చూపించాలి, కానీ ఒక షరతు మీద. ఆ ముంత కింద చీటీలో ముంత కట్టుకున్నవాడితో పాటు కట్టించినవాడి పేరూ ఉండాలి. ‘ఇంచు’ అన్న క్రియ నిజంగా అవసరమైన చోటు అదే! పక్క గదిలో 1911లో మాన్య సంఘం పెట్టి, 1917 బెజవాడ సభలో పంచములమనే పేరును తిప్పికొట్టి మనం ఆదిఆంధ్రులమన్న భాగ్యరెడ్డివర్మ ఉండాలి. కుసుమ ధర్మన్న ‘జయభేరి’ ఉండాలి. 1955లో పి.ఆర్. వెంకటస్వామి రాసిన హైదరాబాద్ దళిత ఉద్యమ చరిత్ర ఉండాలి. గాయమూ ఉండాలి, తిరుగుబాటూ ఉండాలి.

ఇది సాధ్యమేనా? దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. 1966లో దాన్ని తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించి, 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లు కూల్చారు. 1994లో అక్కడ ఒక పాత చర్చిలో మ్యూజియం తెరిచారు. నేల మీద పేట పటం పరిచారు. వెళ్లగొట్టబడినవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో తామే రాశారు. కూల్చిన వీధుల పేర్ల పలకలు వేలాడదీశారు. అక్కడ వస్తువుల ఖరీదు తక్కువ, సాక్ష్యం విలువ ఎక్కువ. శ్రీశైలం ముంపు ఊళ్లకు అలాంటి ఒక నేల పటం ఆలంపురంలో ఎందుకు ఉండకూడదు?

ఇక్కడా ఒంటరిగా పనిచేసినవాళ్లున్నారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి ఆశ్రిత కులాల వాయిద్యాలు, పటాలు, రాతప్రతులు సేకరించారు. ఇద్దరు అధ్యాపకులు చేయగలిగిన పనిని ఒక ప్రభుత్వం చేయలేనంటే నేను నమ్మను.

విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే. మీ జిల్లా మ్యూజియానికి ఈ నెలలో వెళ్లండి. చీటీలన్నీ ఫొటోలు తీయండి. ఎన్నిట్లో చేయించినవాడి పేరుంది, ఎన్నిట్లో చేసినవాడి పేరుందో లెక్కపెట్టండి. వస్తువు ఎవరి ఇంటి నుంచి, ఏ సంవత్సరం, ఎంత ఇచ్చి తెచ్చారో సమాచార హక్కు కింద అడగండి. మీ అమ్మమ్మను, తాతను ఫోన్‌లో రికార్డు చేయండి. తేదీ, ఊరు, వాడ రాసి దాచండి. వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. ఎవరి ఇంట్లోంచీ మోగుతున్న డప్పును, కిన్నెరను మ్యూజియం కోసం తేకండి. కొత్తది చేయించి, చేసినవాళ్లకు కూలి కట్టి తెండి. చీటీ మీద వాళ్ల పేరు రాయించండి. వారసత్వ శాఖకు మన డిమాండు ఒక్కటే: కొత్త భవనం తర్వాత సంగతి, ముందు ఉన్న చీటీలు మళ్లీ రాయండి, రాసేటప్పుడు వాడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

చెరువు తవ్వించినవాడి పేరు మనకు తెలుసు. తవ్వినవాళ్ల మనవరాళ్లు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. చీటీ రాయడం వాళ్లకు వచ్చు.

జై భీమ్.