ఆటలో అంటు – 6: గొడవ మిగిలింది, ప్రశ్న పోయింది

ఇద్దరు ఎన్‌బీఏ ఆటగాళ్లు మాటా మాటా అనుకుంటే లోకమంతా తీర్పు చెప్పడానికి కూర్చుంటుంది. ఎవడు ఎవడిని అవమానించాడు, ఎవడు చెయ్యి కలపలేదు... ఇదే చర్చ. మిత్రులారా, ఆ గొడవ కింద ఏ ప్రశ్నను పాతిపెట్టారో చూశారా?

1987, ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్. ఐదో మ్యాచ్ ఆఖరి సెకన్లలో డెట్రాయిట్ కెప్టెన్ ఐసయా థామస్ లోపలికి విసిరిన బంతిని బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్ లాగేసుకున్నాడు. ఒక్క పాయింటుతో బోస్టన్ గెలిచింది. ఏడో మ్యాచ్‌తో డెట్రాయిట్ ఇంటిదారి పట్టింది. ఓడిన కసిలో ఉన్నారు. బర్డ్ తెల్లవాడు కాబట్టే అంత పొగడ్త అన్నాడు డెట్రాయిట్ కొత్త కుర్రాడు డెనిస్ రాడ్‌మన్. అతనే నల్లవాడైతే పదిమందిలో ఒకడయ్యేవాడని ఐసయా వంత పాడాడు.

బర్డ్ విషయంలో అది తప్పు మాటే. 1984 నుంచి 1986 దాకా వరుసగా మూడేళ్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచినవాణ్ణి అలా తీసిపారేయలేం. కానీ తర్వాత ఐసయా ఇచ్చిన వివరణ వినండి. నల్లవాడు బాగా ఆడితే పుట్టుకతో వచ్చిన ఒడుపంటారు. తెల్లవాడు బాగా ఆడితే బుర్ర అంటారు, కష్టం అంటారు. మరి మేం సాధన చెయ్యలేదా, ఆలోచించలేదా? అదీ అతని బాధ.

దానికి జవాబేమొచ్చింది? ఇద్దర్నీ విలేకరుల ముందు కూర్చోబెట్టారు. ఐసయా సంజాయిషీ చెప్పుకున్నాడు. బర్డ్ తనకేం పట్టింపు లేదన్నాడు. కథ కంచికి! బర్డ్ క్షమించగలిగేది తన మీద పడ్డ మాటనే. ఒక జాతి మెదడుకు జరిగిన అవమానాన్ని మాఫీ చేసే హక్కు ఆయనకెక్కడిది?

1991లో చికాగో చేతిలో 4-0తో ఓడి, ఇంకా 7.9 సెకన్లు ఉండగానే డెట్రాయిట్ ఆటగాళ్లు చాలామంది చెయ్యి కలపకుండా వెళ్లిపోయారు. 2020లో ‘ది లాస్ట్ డాన్స్’ వచ్చినప్పుడూ జోర్డాన్–ఐసయా పగే ముచ్చట. ఐసయా కలపని చెయ్యి లోకానికి ముప్పై ఏళ్లు గుర్తుంది. అతను అడిగిన ప్రశ్న గుర్తులేదు.

మనకిది కొత్తా? మాదిగవాడు డప్పు కొడితే ‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అంటారు. అగ్రహారం పిల్లాడు వీణ వాయిస్తే ‘ఎంత సాధన!’ అంటారు. మన చేతికి మెచ్చుకోలు, వాళ్ల తలకు మెరిట్. జాతి, కులం ఒకటి కావు. అయినా వాటి పోలికను గుర్తించే అంబేడ్కర్ 1946లో డు బోయ్స్‌కి ఉత్తరం రాశారు.

రేపు క్లాసులో మెరిట్ మీద నోరు విప్పితే ‘ఆ సారుతో నీకేం పగ?’ అంటారు. సారీ చెప్పించి, పక్కన నిలబెట్టి ఫొటో దిగుతారు. జాగ్రత్త. మాట జారితే ఆ మాటను వెనక్కి తీసుకోండి. ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకోకండి.

జై భీమ్.