పెట్టె నిండా పుస్తకాలు, చదివేదెవరు?

కోయంబత్తూరులో ఈమధ్య ఒక బంధువుల ఇంటికి వెళ్లాను. తాతకు చూపు తగ్గి పుస్తకాలు చదవలేకపోతున్నాడని ఆ ఇంటి మనవడు ఒక ట్యాబ్ కొని తెచ్చాడు. "తాతా, దీంట్లో వెయ్యి తెలుగు పుస్తకాలుండాయి" అన్నాడు. ముసలాయన ముఖం వెలిగింది. ఒక పుస్తకం పేరు చెప్పి తీయమన్నాడు. కుర్రవాడు తెల్లముఖం వేశాడు. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడే పిల్లవాడే, కానీ అట్ట మీద అక్షరాలు వాడికి రావు. వెయ్యి పుస్తకాలు తెచ్చినవాడు ఒక్క పేరు చదవలేకపోయాడు.

మన సభల్లో ఇప్పుడు ఒక మాట తరచూ వినిపిస్తోంది. "అన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి కదా, ఇంకా గ్రంథాలయమెందుకు, పిల్లలకు తెలుగు తరగతి ఎందుకు?" అని. అనేవాళ్లు తెలుగంటే గిట్టనివాళ్లు కారు, శాలువాలు కప్పించుకునే భాషాభిమానులే. అందుకే ఈ మాటకు గట్టిగా జవాబు చెప్పవలసి వస్తోంది.

యంత్రం మీద నాకేమీ కోపం లేదు. ఒకప్పుడు మధురలో తెలుగు పుస్తకం కావాలంటే మద్రాసుకో, విజయవాడకో వెళ్లేవాళ్లకు చెప్పి పంపి, వాళ్లు తిరిగివచ్చేదాకా కాచుకోవలసి వచ్చేది. ఇప్పుడు నిమిషంలో దొరుకుతోంది. అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చు. కాగితంలాంటి తెర ఉన్న ఈ-రీడర్ అయితే వెలుగు కంట్లో కొట్టదు. దూరాన ఉన్నవాళ్లకు ఇవి చిన్న మేళ్లు కావు.

కానీ మనకు దొరికే పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు పేజీలకు తీసిన ఫోటోలు. చిన్న తెర మీద ఆ అక్షరాన్ని పెద్దది చేస్తే పంక్తి సగం తెర దాటిపోతుంది. వేలితో అటు జరిపి, ఇటు జరిపి, కింది పంక్తికి వచ్చేసరికి పై పంక్తి మరచిపోతాం. అక్షరాలుగా టైపు చేసిన పుస్తకమైతే ఎంత పెద్దది చేసినా పంక్తి తెరలోనే సర్దుకుంటుంది, వెతికితే మాట దొరుకుతుంది. ఫోటో పుస్తకం పెట్టెలో పెట్టిన తాటాకు కట్టలాంటిది. ఉన్నదన్న తృప్తి తప్ప చదువు సాగదు. పైగా ఆ ఉండడమూ శాశ్వతం కాదు. వేల తెలుగు పుస్తకాలను స్కాను చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2017 ప్రాంతంలో మూతపడింది. ముందుచూపున్న కొందరు నకళ్లు తీసి మరోచోట దాచబట్టి ఆ పుస్తకాల్లో చాలా భాగం మిగిలింది.

మన ఇరుగుపొరుగును చూసైనా నేర్చుకోవాలి. 1998లో కొందరు తమిళులు జీతం భత్యం లేకుండా తమ ప్రాచీన గ్రంథాలను టైపు చేసి ఉచితంగా అందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ప్రాజెక్ట్ మదురై'. అది మన ఊరి పేరే. మధుర నాయకరాజు విజయరంగ చొక్కనాథుని కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు తెలుగు వచనంలో జైమినీ భారతం రాశాడు. ఆ రాజే స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యం రాశాడు. తెలుగు వచనానికి మధుర పుట్టిల్లులాంటిదని మనం సభల్లో చెప్పుకుంటాం. ఆ వచనాన్ని టైపు చేయడానికి మనలో ఎందరు కూర్చున్నారు?

సంఖ్య చూసి ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ అయిదు భారతీయ భాషల పుస్తకాలకు చోటిచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగువారు 8 కోట్ల పైచిలుకు, మలయాళీలు మూడున్నర కోట్లు. తల లెక్క ఇక్కడ అక్కరకు రాలేదు. అదే లెక్కల ప్రకారం తమిళనాడులో మనం 42 లక్షల పైచిలుకు. అందులో తెలుగు చదవగలిగినవాళ్లను వేరుగా లెక్కపెడితే మనం తల ఎత్తుకోగలమా?

"చదవకపోతేనేం, యంత్రమే చదివి వినిపిస్తుంది" అనేది ఇంకో వాదం. వినడం మంచిదే. మన అవ్వలు పురాణం విన్నవాళ్లే. అయితే విన్నవాడు రాయలేడు. కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. మన పెద్దలు ఆంధ్రదేశం విడిచి దక్షిణానికి వచ్చిన కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం'గా రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రెండూ తమిళంలోనే. ఆయన గొప్ప రచయిత, ఆయనను తప్పుపట్టడం లేదు. కానీ మన వలస కథను మనం తమిళంలో చదువుకోవలసి వచ్చింది. మన ఇళ్లలో "ఉండాయి" అంటాం, "నైనా" అని పిలుస్తాం. ఈ తెలుగును రాసేవాడు లేకపోతే రేపు ఏ యంత్రమూ ఈ తెలుగును పలకదు. దానికి తెలిసేది ఎవరో రాసిపెట్టిన తెలుగే.

2006 చట్టం తరువాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఈ నేల మీద బతికేవాడికి తమిళం రావలసిందే, అందులో వాదం లేదు. తెలుగు అక్షరాలను మాత్రం ఇక మనమే నేర్పుకోవాలి. ఆ పని ఏ ప్రభుత్వమూ, ఏ కంపెనీ చేసిపెట్టదు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ప్రతి సంఘం ఏటా చేసే ఒక సన్మాన సభ మానుకుని, ఆ డబ్బుతో ఆదివారం పూట పదిమంది పిల్లలకు ఓనమాలు నేర్పించాలి. చదవడం వచ్చిన పిల్లలను తెలుగు వికీసోర్సులో కూర్చోబెట్టాలి. అక్కడ పేజీ ఫోటో ఒక పక్క, టైపు చేసిన పాఠం ఒక పక్క ఉంటాయి. సరిచూడడం ఎవరైనా చేయవచ్చు. రోజుకొక పేజీ చొప్పున చూసినా ఏడాదికి ఒక పుస్తకం బయటపడుతుంది, ఒక చదువరీ తయారవుతాడు.

ఆ కోయంబత్తూరు కుర్రవాడికి నేను అ ఆలు రాసిచ్చి వచ్చాను. మొన్న ఫోను చేశాడు. ఒక పుస్తకం పేరు కూడబలుక్కుని చదివి, "ఇదేనా తాత అడిగింది?" అన్నాడు. అది కాదు, వేరేది. కానీ వాడు చదివింది మాత్రం తప్పు లేకుండా చదివాడు.