నంబర్ వన్... ఎక్కడ నిలబడి?

"మీ షాపుని గూగుల్లో నంబర్ వన్ చేస్తాం మేడమ్" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న అడగండి. "ఎక్కడ నిలబడి చూస్తే?" అని. ఇంతవరకు నాకు ఫోన్ చేసినవాళ్ళెవరూ దీనికి సూటిగా జవాబు చెప్పలేదు.

టైలరింగ్ షాపు, కర్రీ పాయింట్, బ్యూటీ పార్లర్ లాంటి చిన్న వ్యాపారాలకి గూగుల్ మ్యాప్స్‌లో ఒకే ర్యాంకు ఉండదండీ. పేటపేటకీ, ఒక్కోసారి వీధివీధికీ మారిపోతుంది. ఏ షాపు ముందు చూపించాలో మూడు సంగతులు చూసి నిర్ణయిస్తామని గూగుల్ వాళ్ళే రాసిపెట్టారు. మనం వెతికినదానికీ షాపు చేసే పనికీ పొంతన ఉందా, షాపు ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. డబ్బు కట్టి ఆ వరసలో పైకి జరగడం కుదరదని కూడా అక్కడే ఉంది. (ప్రకటనలు వేరు, వాటి మీద 'స్పాన్సర్డ్' అని రాసే ఉంటుంది.) దూరం లెక్కలోకి వస్తున్నప్పుడు నిజాంపేటలో ఉన్న షాపు దిల్‌సుఖ్‌నగర్‌లో వెతికేవాళ్ళకి మొదట ఎలా కనిపిస్తుంది? అక్కడ ఉన్న టైలర్లందరూ ఏమైపోవాలి?

ఇంత మామూలు సంగతిని దాచిపెట్టి మా మరిది దగ్గర నెలకి ఎనిమిది వేలు తీసుకుంటున్నారు ఒక ఏజెన్సీ వాళ్ళు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

మరిదీ, మా తోడికోడలూ నిజాంపేటలో బ్లౌజులు, మగ్గం వర్క్ షాపు నడుపుతారు. ఏజెన్సీ కుర్రాడు మొదటిరోజు ఒక పటం ప్రింటు తీసి తెచ్చాడు. షాపు మధ్యలో, చుట్టూ ఏడు వరసలు, వరసకి ఏడు చుక్కలు, మొత్తం 49. ప్రతి చుక్కలో ఒక అంకె. ఆ చోట నుంచి 'బ్లౌజ్ స్టిచింగ్' అని వెతికితే మన షాపు ఎన్నోదో ఆ అంకె చెబుతుంది. మొదటి మూడింట్లో ఉంటే ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఇరవై దాటితే ఎరుపు. మధ్యలో నాలుగు పచ్చ చుక్కలు తప్ప పటం నిండా అమ్మవారు పోసినట్టు ఎరుపే. మరిది ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఆ ఎర్ర చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దామని నేను కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. కొన్ని జీడిమెట్ల ఫ్యాక్టరీల వైపు ఉన్నాయి. ఒకటైతే అమీన్‌పూర్ చెరువులో పడింది. చేపలు జాకెట్లు కుట్టించుకుంటాయా? బ్లౌజు కుట్టించుకునే మనిషి కొలతలకి ఒకసారి, ట్రయల్‌కి ఒకసారి, బిగుతుగా ఉందని ఇంకోసారి రావాలి. స్కూటీ మీద పది నిమిషాల్లో వచ్చేవాళ్ళే వస్తారు. ఆరు కిలోమీటర్ల అవతల ఎరుపుంటే ఈ షాపుకి పోయేదేమిటి?

మూడు నెలల తర్వాత ఇంకో పటం వచ్చింది. దాన్నిండా పచ్చదనమే! మరిది స్వీట్లు పంచాడు. నేను రెండు పటాలూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాంట్లో చుక్కకీ చుక్కకీ మధ్య రెండు కిలోమీటర్లు. రెండోదాంట్లో అర కిలోమీటరు. పటాన్ని షాపు చుట్టూ కుదించేశారన్నమాట. పైగా మూలన చిన్న అక్షరాల్లో చూస్తే, ఈసారి వెతికిన మాట 'బ్లౌజ్ స్టిచింగ్' కాదు, షాపు పేరే. మన పేరుతో వెతికితే మనం కాక పక్కింటావిడ వస్తుందా? నేను చదివింది తెలుగు బీఏ, కంప్యూటర్ కాదు. అయినా అడిగిన మాట మారితే వచ్చే జవాబూ మారుతుందని తెలుసుకోవడానికి ఆ చదువు చాలు.

ఆ కుర్రాడి ఇంకో విద్య ఏమిటంటే, షాపులో కూర్చుని మరిది ఫోన్లోనే వెతికి "చూడండి సార్, ఫస్టు మీరే" అనడం. షాపులో కూర్చుని, రోజూ ఆ షాపునే తెరిచే ఫోన్లో వెతికితే ఇంకెవరొస్తారు!

"ఈ రోజుల్లో ఆన్‌లైన్‌లో కనిపించకపోతే ఎలా?" అంటారు మావారు. కనిపించాలి, కాదనను. ఆ చుక్కల పటం కూడా పనికిరానిదేం కాదు, మన కస్టమర్లు ఉండే మేరకే గీసి, వాళ్ళు వాడే మాటలతోనే వెతికితే. మా తోడికోడలి దగ్గరికి వచ్చేవాళ్ళని నేనే అడిగాను. ఎక్కువమంది ఫోన్లోకి "మగ్గం వర్క్" అని మాట్లాడి వెతికామన్నారు. ఏజెన్సీ వాళ్ళు ఆ మాట ఒక్కసారైనా వెతికి చూడలేదు. షాపు ఏ రకం అన్నచోట 'టైలర్' అని కాకుండా 'బట్టల దుకాణం' అని ఉంది, అదీ మార్చలేదు. కూర్చుంటే పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. వాళ్ళు చెప్పిన పని మాత్రం, మా కాలేజీ గ్రూపులో అందరిచేతా ఐదు నక్షత్రాలు పెట్టించడం. విజయవాడలోనూ డల్లాస్‌లోనూ ఉన్న నా స్నేహితురాళ్ళు నిజాంపేటలో కుట్టని బ్లౌజుని మెచ్చుకోవాలట. నేను చెప్పనన్నాను. దొంగ రివ్యూలని తెలిస్తే గూగుల్ తీసేస్తుంది, ఆ మచ్చ షాపుకే.

ఇక ఆ ఎనిమిది వేలు ఎక్కడివో చెప్పాలి. హెమ్మింగ్ చేసి, హుక్సు కుట్టే అమ్మాయిని మాన్పించారు. ఆమె జీతం ఇంచుమించు అంతే. ఇప్పుడా పని మా తోడికోడలు రాత్రి పిల్లలు పడుకున్నాక పదకొండు దాకా చేస్తోంది. శ్రావణమాసంలో రెండు బ్లౌజులు వరలక్ష్మీవ్రతానికి అందలేదు. వాళ్ళలో ఒకావిడ ఒక్క నక్షత్రం ఇచ్చి, 'చెప్పిన టైముకి ఇవ్వరు' అని రాసింది. ఆవిడ రాసింది నిజం. ఉండేది మా వీధి చివర అపార్ట్‌మెంట్లో, పటంలో ఆ చుక్క పచ్చగానే ఉంది.

అది చదివి "మన రేటింగ్ పడిపోయింది, ఇంకాస్త పెద్ద ప్యాకేజీ తీసుకోండి" అన్నారట ఏజెన్సీ వాళ్ళు.

"వేళ్ళు మొద్దుబారిపోతున్నాయక్కా" అంటుంది మా తోడికోడలు. భర్తతో ఆ మాట అనదు. అందుకే నేనే అన్నాను. పదో తారీఖున కట్టే డబ్బు ఆపి ఆ అమ్మాయిని వెనక్కి పిలవమని అందరి ముందూ అడిగాను. "ఇంకొక్క నెల చూద్దాం వదినా, మియాపూర్ వైపు కూడా పచ్చబడుతోంది" అంటున్నాడు మరిది. ఆ అమ్మాయి ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఇంకో షాపులో చేరకముందే రేపు నేనే మాట్లాడుతున్నాను.