బయలుదేరే ముందే చెప్పవలసిన కృతజ్ఞత



వచ్చే సోమవారం తెల్లవారుజామున కొల్లాపూర్ నుండి నడక మొదలుపెడుతున్నాను. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, ఆమనగల్లు, ఇబ్రహీంపట్నం మీదుగా భూదాన్ పోచంపల్లి దాకా, రోజుకు 15 కిలోమీటర్లకు మించకుండా, పన్నెండు పదమూడు రోజుల ప్రయాణం. మధుమేహం వలన పాదాలలో స్పర్శ కోల్పోయిన పేదవారికి మెత్తని అట్ట వేసిన ప్రత్యేక చెప్పులు సమకూర్చడానికి విరాళాలు సేకరించడం దీని ఉద్దేశం. నా వయస్సు 74 సంవత్సరాలు. నాతో పాటు మరో నలుగురు మిత్రులు నడుస్తున్నారు.

ఇటువంటి సందర్భాలలో కృతజ్ఞతలు చివర చెప్పడం మన ఆచారం. కార్యక్రమం ముగిసిన రోజున వేదిక మీద శాలువాలు కప్పి, వరుసగా పేర్లు చదువుతాము. ఆ వరుసలో ఇంట్లో ఉండిపోయిన వారి పేర్లు సాధారణంగా ఉండవు. నేను ఈసారి ముందే చెప్పదలచుకున్నాను. ముందు చెప్పే కృతజ్ఞతకూ, తరువాత చెప్పే కృతజ్ఞతకూ మధ్య ఉన్న తేడా గత మూడు నెలలలో నాకు బోధపడింది. అది మర్యాదకు మాత్రమే సంబంధించిన తేడా కాదు, ఆరోగ్యానికి సంబంధించినది. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

సోమశిల మెట్ల మీద

మూడు నెలల క్రితం అభ్యాసం కోసం ఒక మిత్రునితో కలిసి సోమశిల దాకా నడిచాను. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. కృష్ణ నిండుగా ఉంది. ఘాట్ దగ్గర కాసేపు కూర్చుని, తిరిగి మెట్లు ఎక్కుతుండగా ఛాతీ మధ్యలో ఎవరో చేయి పెట్టి అదిమినట్లయింది. చెమట పట్టింది. మెట్టు మీద కూర్చున్నాను. రెండు మూడు నిమిషాలలో తగ్గిపోయింది. "ఏమైంది డాక్టర్ సాబ్?" అని ఆయన అడిగితే, "ఏం లేదు, మోకాలు పట్టింది" అన్నాను.

అది అబద్ధం. ఆ లక్షణాలు ఎవరైనా రోగి నా ముందు కూర్చుని చెప్పి ఉంటే, అదే రోజు ఇ.సి.జి. తీయించకుండా ఇంటికి పంపేవాడిని కాదు. అటువంటిది పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పదకొండవ రోజు రాత్రి మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగాను. కింద నుండి నా శ్రీమతి చూసింది.

"ఏమైంది, గట్ల నిలవడ్డరు?"

"ఏం లేదు."

"దవాఖానల అందరిని అడిగి అడిగి చెప్పించిన్రు. మీ సంగతి మాత్రం చెప్పరా?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. మరునాడే హైదరాబాదు వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాను. గుండెకు రక్తాన్ని అందించే నాళాలలో ఒకటి కొంత సన్నబడిందనీ, ప్రస్తుతానికి స్టెంట్ అవసరం లేదనీ, మందులు వాడుతూ క్రమంగా నడక పెంచుకోవచ్చనీ వైద్యులు చెప్పారు. ఆరు వారాల తరువాత మళ్ళీ ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, లక్షణాలు లేవని నిర్ధారించుకున్నాకే అనుమతి ఇచ్చారు. రోజుకు 25 కిలోమీటర్లని నేను వేసుకున్న లెక్కను 15కు తగ్గించారు. ఇదే అనుమతి నా వంటి వారందరికీ వర్తిస్తుందని దయచేసి అనుకోవద్దు. ఎవరి గుండె లెక్క వారిదే.

నేను ఎందుకు దాచాను? భయపడి కాదు. చెబితే ఆపుతారని దాచాను. మంచి పని కోసం బయలుదేరేవారిలో ఈ జబ్బు తరచుగా కనిపిస్తుంది. లక్ష్యం గొప్పదైనప్పుడు ఇంటివారి జాగ్రత్త అడ్డంకిలా తోస్తుంది.

"చెప్తె పోనియ్యరని"

ఈ మాట మొదటిసారి నేను ఒక రోగి సోదరుని నోట విన్నాను. 1980ల చివరలో నల్లమల అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. మధుమేహం ఉన్న ఒక రైతు శివరాత్రికి కాలినడకన శ్రీశైలం వెళ్ళి వచ్చాడు. బయలుదేరేనాటికే అరికాలిలో చిన్న పుండు ఉంది. నొప్పి లేదు కనుక లెక్కచేయలేదు. మా దగ్గరకు తెచ్చేటప్పటికి పాదం నల్లబడి, జ్వరంతో మాట తడబడుతున్నది. పెద్దాసుపత్రికి పంపాము. ప్రాణం దక్కింది కానీ, మోకాలి కింద కాలు తీసివేయవలసి వచ్చింది. "ముందే ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "చెప్తె పోనియ్యరని చెప్పలే సార్" అన్నాడు ఆయన తమ్ముడు.

నొప్పి మన శరీరంలోని కావలివాడు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని ఆ కావలివాడు నిద్రపోతాడు. రాయి గుచ్చుకున్నా, తారురోడ్డు కాలినా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే పుండు మానదు, చీము పడుతుంది. ఇటువంటి మనిషికి తన పాదాల సంగతి తన పాదాలు చెప్పవు. మరొకరి కళ్ళు చూసి చెప్పాలి. చూపు మందగించి, నడుము వంగని వయస్సులో అది మరీ అవసరం. రాత్రిపూట దీపం దగ్గర కూర్చుని భర్త అరికాళ్ళు తిప్పి చూసే ఇల్లాలు, తండ్రి వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచే కొడుకు చేసేది సేవ మాత్రమే కాదు, వైద్యం. ఈ నడక ద్వారా మేము పంచదలచిన చెప్పులు కూడా ఆ కళ్ళకు తోడే తప్ప వాటికి బదులు కావు.

టెర్రీ ఫాక్స్ వెనుక ఉన్న వ్యాను

ధర్మకార్యం కోసం సుదూరం ప్రయాణించినవారిలో ప్రపంచమంతా తెలిసిన పేరు కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్. ఎముక క్యాన్సర్ వలన 1977లో 18 ఏళ్ళ వయస్సులో అతని కుడికాలు తీసివేశారు. క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం కృత్రిమ కాలితో దేశాన్ని ఒక అంచు నుండి మరో అంచుకు పరుగెత్తి దాటాలని 1980 ఏప్రిల్ 12న బయలుదేరాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోయాడు. 1981 జూన్ 28న, 22 ఏళ్ళకే మరణించాడు. అతని పేరిట ఏటా జరిగే పరుగు నేటికీ అనేక దేశాలలో కొనసాగుతున్నది.

ఈ కథలో అందరూ చెప్పుకునేది అతని కృత్రిమ కాలు. వైద్యునిగా నన్ను ఆకర్షించినవి మరో రెండు విషయాలు. మొదటిది, బయలుదేరక ముందే కెనడా క్యాన్సర్ సొసైటీ అతనిని గుండె నిపుణుని ధ్రువపత్రం తెమ్మన్నది. పరీక్షలో గుండె ఎడమ జఠరిక గోడ మందంగా ఉన్నట్లు తేలింది. గుండెకు సంబంధించిన ఇబ్బంది కనిపిస్తే వెంటనే ఆగిపోతానని మాట ఇచ్చిన తరువాతే అనుమతించారు. రెండవది, అతని వెనుక వ్యాను నడుపుతూ, వంట చేసి పెడుతూ డగ్ ఆల్వర్డ్ అనే మిత్రుడు ఉన్నాడు. అలసట పెరిగేకొద్దీ ఇద్దరి మధ్య తగవులు ముదిరి, ఒక దశలో దాదాపు మాటలే లేకుండా పోయాయి. తల్లిదండ్రులు నోవా స్కోషియా దాకా వచ్చి సర్దిచెప్పవలసి వచ్చింది. ఆ తరువాత తమ్ముడు డారెల్ కూడా వారితో చేరాడు.

ఇది చదివి ఆ యువకుని తప్పుపట్టనవసరం లేదు. ఒంటికాలితో రోజుకు ఇంచుమించు మారథాన్ దూరం పరుగెత్తే మనిషికి ఓపిక ఎక్కడ మిగులుతుంది? నేను గ్రహించినది ఒకటే. దారిలో అలసిపోయిన మనిషి కృతజ్ఞత చెప్పలేడు. చిరాకు మాత్రమే చూపగలడు. కనుక మనస్సు ప్రశాంతంగా ఉన్నప్పుడే, బయలుదేరక ముందే చెప్పుకోవాలి. మాటతో పాటు హామీ కూడా ఇవ్వాలి.

మన నేల మీద నడకలు

పోచంపల్లిని గమ్యంగా ఎంచుకోవడానికి కారణం మీరు ఊహించే ఉంటారు. 1951 మార్చిలో వినోబా భావే వార్ధా ప్రాంతం నుండి కాలినడకన బయలుదేరి హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అక్కడి నుండి నల్లగొండ పల్లెలకు నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు తమ బ్రతుకుతెరువుకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అలా పుట్టింది. వినోబా వట్టి చేతులతో వచ్చారు. అడిగినవారు అడగకపోతే, ఇచ్చినవారు ఇవ్వకపోతే అది ఒక మంచి మనిషి నడకగానే మిగిలిపోయేది. నడిచినవాని కీర్తిలో నడవనివారి వాటా ఎంతో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

మరొక నడకను కూడా మరువలేను. మా పాలమూరు నుండి తరతరాలుగా కూలీలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని దేశమంతా వెళ్ళి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. వారికి వీడ్కోలు సభలు లేవు. పిల్లలను ముసలివారి దగ్గర వదిలి వెళ్ళేవారు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచినప్పుడు దారి పొడవునా నీళ్ళు, అన్నం పెట్టినది ఎక్కువగా పేరు లేని మనుషులే. అటువంటి నేల మీద, వెనుక ఆటో, దగ్గర మందుల సంచి పెట్టుకుని పదిహేను కిలోమీటర్లు నడవడం సాహసమేమీ కాదు. ఆ వినయం నాకు ఉండాలి.

కాగితం మీద కృతజ్ఞత

ఈ ఆలోచనలతో నేను ఒక కాగితం వ్రాసి, సంతకం చేసి మూడు ప్రతులు తీశాను. ఒకటి నా శ్రీమతికి, ఒకటి ఉపాధ్యాయ మిత్రునికి, ఒకటి మా సామాను మోసే ఆటో తమ్మునికి ఇచ్చాను. దీర్ఘ నడకకు, తిరుమల మెట్లకు, శ్రీశైలం పాదయాత్రకు సిద్ధమయ్యే పెద్దలకు ఉపయోగపడుతుందని ఆ షరతులు ఇక్కడ చెబుతున్నాను.

మొదటిది: ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం, చల్లని చెమట, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా నడక అక్కడే ఆగుతుంది. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. కనుక నొప్పి లేదనే వాదన చెల్లదు. 108కు ఫోన్ చేయాలి.

రెండవది: ప్రతి ఉదయం రక్తపోటు, చక్కెర చూసుకుని ఆ అంకెలు ఇంటికి పంపాలి. మాత్ర వేసుకుని లేదా ఇన్సులిన్ తీసుకుని ఏమీ తినకుండా నడిస్తే చక్కెర పడిపోతుంది. వణుకు, చెమట, తికమక కనిపిస్తే వెంటనే గ్లూకోజు గానీ చక్కెర గానీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయరాదు.

మూడవది: రాత్రి మకాం చేరగానే నా పాదాలు మరొకరు చూడాలి. పొక్కు వస్తే దానిని చిదపకూడదు, మరునాడు నడవకూడదు.

నాలుగవది: దాహం వేసే దాకా ఆగకుండా వేళకు నీళ్ళు త్రాగాలి. వయస్సుతో దాహం తెలియడం తగ్గుతుంది. మూత్రం ఎక్కువగా పోయించే రక్తపోటు మాత్రలు వాడేవారు, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు నీటి కొలతను, మాత్రల మోతాదును ముందే తమ వైద్యుని అడగాలి.

అయిదవది, అన్నిటికంటే కష్టమైనది: పై ముగ్గురిలో ఎవరు "ఇక చాలు" అన్నా నేను కారణం అడగను, వాదించను, ఆటో ఎక్కుతాను.

కాగితం చదివి నా శ్రీమతి మడిచి కొంగున ముడివేసుకుంది. "గిది ముందుగాల్నే ఇస్తె పదకొండు రోజులు పండేదాన్ని" అన్నది. నేను మెట్లెక్కి ఆగిన రాత్రే ఆమెకు తెలిసిందనుకున్నాను. సోమశిల నుండి వచ్చిన రోజే నా ముఖం చూసి గ్రహించిందట. నేను దాచానని అనుకున్న ఆ రోజులలో ఆమె ప్రతి రాత్రి మేలుకుని నా ఊపిరి వింటూ ఉన్నదట.

కనుక నా కృతజ్ఞతలు ముందుగా ఆ పదకొండు రాత్రులకు. నా అబద్ధాన్ని నమ్మకపోయినా, అడిగి చిన్నబుచ్చక, మరునాటి నుండి తన నడక వేగం తగ్గించిన మిత్రునికి. విదేశం నుండి ప్రతిరోజూ ఫోన్ చేసి "నాన్నా, వద్దు" అని వారం రోజులు పోట్లాడి, ఆ తరువాత మంచి బూట్లు కొని పంపిన మా అమ్మాయికి. పన్నెండు రోజుల కిరాయి వదులుకుని వస్తున్న ఆటో తమ్మునికి. నా 25 కిలోమీటర్లను మొహమాటం లేకుండా 15 చేసిన వైద్యులకు. దారిలో మజ్జిగ ఇవ్వబోయే, నాకు ఇంకా తెలియని తల్లులకు.

పోచంపల్లి చేరతానో లేదో నేను చెప్పలేను. ఆమనగల్లులో ఆగిపోయినా ఈ నడక ఓడిపోయినట్లు కాదు. సేకరించిన ప్రతి రూపాయీ చెప్పులకే వెళుతుంది. మిగిలిన దూరం నా మిత్రులు నడుస్తారు.

మీలో ఎవరైనా దూర ప్రయాణానికి సిద్ధమవుతూ, ఒంట్లో ఏదైనా తేడాను ఇంట్లో చెప్పకుండా దాచి ఉంటే, ఈ రాత్రే చెప్పండి. వారు మిమ్మల్ని ఆపవచ్చు. ఆపే హక్కు వారికి ఇవ్వడమే, ఇన్నేళ్ళు మనల్ని నడిపించినందుకు మనం చెప్పగల నిజమైన కృతజ్ఞత.