వార్డు మెంబరు వారం

రావులపాలెంలో ఏ వీధిలోనైనా రెండు రోజులు కుళాయి రాకపోతే జనం వెతికేది మంత్రిని కాదు, ఎమ్మెల్యేని కూడా కాదు, వార్డు మెంబరుని. తెల్లవారకముందే ఆయన తలుపు తట్టవచ్చు. రాత్రి అన్నం ముందు కూర్చున్నవాణ్ణి వీధిలోకి పిలవవచ్చు. ఎవరి సిఫారసూ అక్కరలేదు, బస్సు ఎక్కే పని లేదు. ఓటు వేసినవాడికి చేయి చాస్తే అందే ప్రతినిధి ఇతనొక్కడే. అయినప్పటికీ ఎన్నికల నాడు గోడల మీద కనిపించిన అతని పేరు, ఆ తర్వాత అయిదేళ్ళూ శంకుస్థాపన ఫలకం మీదగాని, సభా వేదిక మీదగాని కనిపించడం అరుదు. పార్టీ గుర్తు లేని ఎన్నిక, జీతం లేని కొలువు. గెలిచిన మరునాటి నుంచి మాత్రం వీధిలోని ప్రతి మురుగు కాలువకూ అతనే జవాబుదారీ.

ఈ ఊరి మెంబరుకు మిగతా ఊళ్ళ మెంబర్లకు లేని బరువు మరొకటి ఉన్నది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలిన తర్వాత ఆ రెండు పాయల నడుమ మిగిలిన గడ్డ కోనసీమ. జొన్నాడ వైపు నుంచి గౌతమి వంతెన దాటితే రావులపాలెం. సిద్ధాంతం వైపు నుంచి వశిష్ఠ వంతెన దాటి గోపాలపురం మీదుగా వచ్చినా రావులపాలెమే. అమలాపురం వెళ్ళేవారు, కొత్తపేట వెళ్ళేవారు, ఆత్రేయపురం పూతరేకుల కోసం వచ్చేవారు, వాడపల్లి వెంకన్నకు మొక్కినవారు అందరూ ఈ ఊళ్ళోనే మలుపు తిరుగుతారు. ఊరిది పంచాయతీ హోదా, మోసేది పట్టణం బరువు. చెత్త పట్టణమంత, రాకపోకలు పట్టణమంత, ఆక్రమణల తగాదాలు పట్టణమంత. చేతిలోని సిబ్బంది, నిధులు మాత్రం పంచాయతీవి.

సోమవారం అర్జీల రోజు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయ్యేదాకా అర్జీ పట్టుకుని కలెక్టరును చూడాలంటే కాకినాడ పోవలసి వచ్చేది. కూలి పోయేది, చార్జీలు పోయేవి, ఒక్కొక్కసారి ఆ పూట పని కాక మళ్ళీ పోవలసి వచ్చేది. అమలాపురం దగ్గరైంది గనుక ఇప్పుడు ముసలివాళ్ళు సైతం మెంబరుని వెంటబెట్టుకుని వెళ్ళగలుగుతున్నారు. పింఛను ఆగినవాడు, ఇంటి స్థలం పట్టా రానివాడు, కరెంటు స్తంభం ఇంటి మీదకు ఒరిగినవాడు - ముగ్గురి కాగితాలూ మెంబరు సంచీలోనే ఉంటాయి. జిల్లా దగ్గరైన మేలు నిజమే. అయితే స్తంభం ఒరిగిందన్న అర్జీ కలెక్టరు దాకా పోవలసి రావడం మాత్రం మండల స్థాయి అధికారులకు గౌరవం కాదు. 1985లో తాలూకాలు రద్దు చేసి మండలాలు పెట్టినప్పుడు చెప్పిన మాటే, పాలన గడప దగ్గరకు వస్తుందని. వచ్చిన పాలన గడప దాటి లోపలికి రావలసి ఉన్నది.

అరటి మార్కెట్ సంగతి ప్రత్యేకం. పొద్దు పొడవకముందే సైకిళ్ళ మీద, ఆటోల మీద, ట్రాక్టర్ల మీద గెలలు దిగుతాయి. కర్పూరం, చక్కెరకేళి, బొంత, అమృతపాణి. గెల చూసి బేరం, బేరం కుదిరితే లారీ ఎక్కింపు. ఒరిస్సాకు పోయేవి పోగా పై రాష్ట్రాలకు కూడా ఇక్కడి సరుకే పోతుంది. ఎగుమతి లేని రోజున ధర ఎట్లా పడిపోతుందో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. లారీలు కదిలిపోయాక మిగిలేది ఎండుటాకు, తొడిమలు, చితికిన కాయలు. అవి వానకు కుళ్ళి కాలువలో పడితే దోమలు ఎవరి ఇంటికి చేరతాయో వార్డు మెంబరుకు తెలుసు. సరుకు అమ్ముకున్న రైతుదీ తప్పు కాదు, కొన్న వర్తకుడిదీ ఒక్కడి తప్పు కాదు. కాని మార్కెట్ ఆదాయం ఒక ఖాతాకు, చెత్త ఎత్తే ఖర్చు మరొక ఖాతాకు ఉన్నంతకాలం ఈ పేచీ తెగదు. ఆ వ్యర్థాన్ని ఎరువు చేయవచ్చునని, బోదె నుంచి నార తీయవచ్చునని వ్యవసాయ శాఖవారు ఎప్పటినుంచో చెబుతున్నదే. చెప్పినవారు ఒక షెడ్డు, ఒక యంత్రం చూపించి, దానిని నడిపే మహిళా సంఘానికి కొనుగోలుదారుని కూడా చూపించి ఉంటే ఊరు నమ్మేది.

ఇక సభలు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటిచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం దానిని తప్పనిసరి చేసింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు జరిపారు. పొరుగున ఉన్న కొత్తపేట మండలం వానపల్లి సభకు ముఖ్యమంత్రే వచ్చారు. ఉపాధి హామీ పనులకు ఆ సభలలో ఆమోదం తీసుకున్నారు. ఒక రోజయినా రాష్ట్రమంతా పంచాయతీ వైపు చూసింది, సంతోషమే. అయితే ముఖ్యమంత్రి రాని సభ సంగతేమిటి? సాధారణంగా పదకొండు గంటలకు సభ అంటారు. ఆ వేళకు ముఠా కూలీ బరువు మీద ఉంటాడు, రైతు తోటలో ఉంటాడు, ఆడవాళ్ళు పనిలో ఉంటారు. ఖాళీగా ఉన్న నలుగురు, ఆఫీసువారు నలుగురు కూర్చుని తీర్మానాల పుస్తకంలో సంతకాలు చేస్తారు. ఆ పుస్తకంలోని అక్షరమే తర్వాత లక్షల రూపాయల పనికి ఆధారం అవుతుందని గైరుహాజరైనవారికి ఎవరూ చెప్పరు.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు మంచినీరు, పారిశుధ్యానికే ఖర్చు చేయాలని షరతు ఉన్నది. మిగిలిన 40 వంతులే ఊరి ఇష్టం. 2021 నవంబరులో ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కారు. వీధి దీపం వెలగాలి నిజమే, కాని కొత్త దీపానికి దాచుకున్న డబ్బు పాత బిల్లుకు పోతుంటే వార్డు మెంబరు వీధిలో ఏ ముఖం పెట్టుకుని తిరుగుతాడు? నిధులు లేవని చెబితే అబద్ధమంటారు, ఉన్నాయని చెబితే పని చూపించమంటారు.

వారంలో ఏ రోజయినా, ఏ టీ దుకాణంలోనైనా తప్పకుండా వచ్చే మాట రోడ్డు వెడల్పు. ఒకప్పుడు 5వ నెంబరు జాతీయ రహదారి అని పిలిచిన మద్రాసు - కలకత్తా రోడ్డు ఈ ఊరిని పెంచింది, ఆ రోడ్డే ఈ ఊరిని భయపెడుతున్నది. రోడ్డు పక్క పదడుగుల దుకాణం మీద కుటుంబం మొత్తం ఆధారపడినవారు ఎందరో. కళా వెంకట్రావు సెంటరు చుట్టూ ఎవరైనా టేపు పట్టుకుని నడిచినా చాలు, సాయంకాలానికి పది వదంతులు పుడతాయి. వదంతికి మందు సమాచారమే. ఇక్కడే మెంబరు తెలుసుకుని జనానికి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకోదలిస్తే ముందుగా 3ఏ ప్రకటన వెలువడాలి. దానిని రెండు పత్రికలలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషాపత్రిక. ఆ ప్రకటన నాటి నుంచి 21 రోజులలోగా ఆ భూమిలో హక్కు, సంబంధం ఉన్నవారు వ్రాతపూర్వకంగా ఆక్షేపణ తెలుపవచ్చు. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా ఈ రోడ్లకు వర్తించదు గనుక, ఆ 21 రోజులే ప్రజల చేతిలో ఉన్న గడువు. ఆక్షేపణల విచారణ ముగిసి 3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్ర ప్రభుత్వానిదే. ఆ తర్వాత వాదం పరిహారం మీదనేగాని భూమి మీద కాదు. ఇంత ముఖ్యమైన గడువు పేపరులో ఏ మూలనో చిన్న అక్షరాలలో వచ్చి వెళ్ళిపోతుంది. సర్వే నెంబర్లు చదివి అది తన దుకాణమే అని పోల్చుకోగలిగినవారు ఎందరు? పంచాయతీ ఆఫీసు బోర్డు మీద ఆ నెంబర్ల పక్కన వీధి పేరు, ఇంటి నెంబరు వ్రాసి అంటించడానికి ఒక పూట పని చాలు. చట్టం అడగలేదని అది చేయకుండా ఊరుకోవడం న్యాయం కాదు.

పరిహారం విషయంలో కూడా అద్దెదారు నోరు మూసుకోనక్కరలేదు. జీవనాధారం పోగొట్టుకునే అద్దెదారును, చేతివృత్తివానిని, కౌలుదారును, వ్యవసాయ కూలీని సైతం 2013 చట్టం బాధిత కుటుంబం అంటున్నది. భూసేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తూ ఉండాలి. ఆ చట్టపు పరిహార నియమాలు 2015 నుంచి రహదారులకూ వర్తిస్తున్నాయి. మూడేళ్ళు ఉన్నట్టు రుజువు ఏది? అద్దె రసీదు, కరెంటు బిల్లు, పంచాయతీకి కట్టిన లైసెన్సు ఫీజు. నోటిమాట మీద ఇరవై ఏళ్ళు వ్యాపారం చేసినవాడికి ఆ రోజున కాగితం ఉండదు.

తోపుడుబండ్లవారి స్థితి మరీ విచిత్రం. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో కేంద్రం చట్టం చేసింది. సర్వే చేయకుండా, స్థలం చూపకుండా బండ్లను తొలగించరాదని అందులో ఉన్నది. కాని అది పట్టణాలు, నగరాల స్థానిక సంస్థలను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం. మునిసిపాలిటీ ఉన్న ఊళ్ళో బండివాడికి ఉన్న రక్షణ, అంతే రద్దీ ఉన్న పంచాయతీలోని బండివాడికి లేదు. చట్టం లేకపోయినా తీర్మానం ఉన్నది: బండ్లను లెక్కించి, గుర్తింపు కార్డులిచ్చి, వేరే చోటు చూపిన తర్వాతనే కదిలించాలని పంచాయతీ తీర్మానించుకోకుండా ఎవరు అడ్డుపడ్డారు?

లంకల వైపు భయం వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన రోజును చూసినవారు ఇంకా ఉన్నారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అధికారులకు అవి అంకెలు. లంక తోటలో అరటి వేసినవానికి మొదటి హెచ్చరిక నాడే గుండె జారుతుంది. తోట నీట మునిగి నాలుగు రోజులు నిలిస్తే చెట్టు పనికిరాదు. పరిహారం జాబితా వచ్చేసరికి కౌలు రైతు పేరు ఉండదు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి, ఆ సంతకం దొరకడమే కష్టం. యజమానులను పిలిచి కూర్చోబెట్టి నచ్చజెప్పగల మనిషి ఊళ్ళో ఎవరైనా ఉంటే అది వార్డు మెంబరే. ఈ పని వరద నాడు కాదు, కౌలు మాట్లాడుకునే నాడే చేయాలి.

మెంబరు అని ఇంతవరకు మగవాని గురించి చెప్పినట్టున్నా, చట్టం ప్రకారం సగం స్థానాలు స్త్రీలవి. 2011లో రాష్ట్రం ఆ కోటాను యాభై శాతం చేసింది. అయినా మీటింగులో భార్య పక్కన భర్త కూర్చోవడం, భార్య పేరున భర్త మాట్లాడటం చాలా ఊళ్ళలో మామూలే. ఈ జాడ్యం దేశమంతటా ఉన్నదనే 2023లో కేంద్ర ప్రభుత్వం దానిపై ఒక సలహా సంఘాన్నే వేయవలసి వచ్చింది. నీళ్ళు ఎన్ని గంటలకు వస్తున్నాయో, ఎన్ని బిందెలు నిండుతున్నాయో భర్తగారి కంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె మాట్లాడితే మీటింగు త్వరగా ముగుస్తుంది కూడా.

శనివారం మెంబరుకు తీరిక అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఏడు శనివారాలు మొక్కుకున్నవారు తెల్లవారుజాము నుంచి వాడపల్లి దారి పడతారు. ఆ కార్లు, ఆటోలు, కాలినడక భక్తులు అంతా రావులపాలెం మీదుగానే. నీళ్ళ పంపు దగ్గర, మరుగుదొడ్డి దగ్గర వరుసలు పెరుగుతాయి. దేవస్థానానికి వచ్చే ఆదాయంలో నుంచి దారి పొడుగునా ఉన్న ఊళ్ళ పారిశుధ్యానికి కొంత కేటాయించమని అడగడం అపచారం కాదు.

ఆదివారం పూట అతను పిల్లలను తీసుకుని లొల్ల లాకుల దగ్గర కాసేపు కూర్చుంటే, ఉగాదికి సీఆర్‌సీ కాటన్ కళాపరిషత్ నాటిక పోటీలలో రాత్రి పొద్దుపోయేదాకా ఉంటే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతే, ఓటరు కోపగించుకోకూడదు. నాటకం చూస్తున్న మనిషి చేతిలో అర్జీ పెట్టేవారు కూడా ఉన్నారు. నాటికలో రెండు ముఖ్యమైన మాటలు అతను వినలేకపోతాడు, అర్జీ జేబులోనే నలిగిపోతుంది. ఇద్దరికీ నష్టమే. అసలు ఆడుకునే చోటు, కూర్చునే నీడ వార్డుకొకటైనా ఉండాలన్న మాట అభివృద్ధి లెక్కల్లో ఎప్పుడూ చివరకే పోతున్నది. స్థలం ఖాళీగా కనిపిస్తే భవనం కట్టాలనే ఆలోచన తప్ప, పిల్లల కోసం దానిని ఖాళీగా ఉంచాలనే ఆలోచన పెద్దలకు రాదు.

రాబోయే గ్రామసభను పదకొండు గంటలకు కాక సాయంకాలం, మార్కెట్ లారీలు కదిలిన తర్వాత పెట్టాలి. రెండు రోజుల ముందు వీధి వీధినా దండోరా వేయించాలి. గత సభ తీర్మానాలలో అయినవి ఏవి, కానివి ఏవి, ఎవరి దగ్గర ఆగినవో వార్డుల వారీగా చదివి వినిపించాలి. బండ్ల లెక్క, దుకాణాల అద్దె కాగితాలు, కౌలు రైతుల పత్రాలు ఈ మూడింటినీ ఆ రోజు ఎజెండాలో ముందు వేయాలి. చదివేది కార్యదర్శి అయినా, లేచి జవాబు చెప్పేది ఆయా వార్డు మెంబరే కావాలి.