టోకెన్ వరుసలో కులం

వైద్యుని గదికి ముందు రోగి దాటవలసిన మొదటి గడప ఓపీ చీటీ రాసే బల్ల. ఎవరు ముందు, ఎవరు తరువాత, ఎవరు రేపు రావాలి అన్నది అక్కడే తేలిపోతుంది. ప్రజారోగ్యం గురించి మాట్లాడేటప్పుడు మందుల కొరత, వైద్యుల ఖాళీలు చర్చకు వస్తాయి గాని, ఆ బల్ల ప్రస్తావనకు రాదు. కులం నేడు చడీచప్పుడు లేకుండా పనిచేసే చోట్లలో అదొకటి.

1929 డిసెంబరు 12న ‘యంగ్ ఇండియా’లో ఒక లేఖ అచ్చయింది. అంబేడ్కర్ దానిని తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో చేర్చారు. రాసినది కథియవాడ్‌లో పనిచేసే ఒక అంటరాని ఉపాధ్యాయుడు. బాలింత అయిన అతని భార్యకు జబ్బు చేసింది. వాడలోకి రానని, రోగిని బయటికి తెస్తే చూస్తానని వైద్యుడు షరతు పెట్టాడు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతని నుంచి భర్తకు, భర్త నుంచి ఆమెకు అది చేరింది. ఆమె బతకలేదు. ఆ వైద్యుడు ఒకసారి చూసి, తరువాత చూడడానికి నిరాకరించాడు. వైద్యానికీ రోగికీ నడుమ దూరాన్ని నిలిపి ఉంచాడు.

ఆ దూరాన్ని చట్టం నిషేధించింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరిట ఆసుపత్రి ప్రవేశాన్ని నిరాకరించడం నేరమన్నది. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని కూడా పేరుపెట్టి చేర్చింది. అందుచేత నేడు ఎవరూ తలుపు మూయరు. తలుపు తెరిచే ఉంటుంది, వంతు మాత్రం రాదు.

నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది, 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మంచిదే. అయితే బేతంచెర్లలో రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చే కూలీకి దగ్గు పట్టినప్పుడు మొదట కనిపించేది జిల్లా కేంద్రం కాదు, ఊళ్లోని క్లినిక్ బెంచీ. ఆ బెంచీ మీద గడిచిన ప్రతి పూటా పోయిన కూలీయే. మధ్యాహ్నం దాకా పిలుపు రాకపోతే అతడు లేచి మందుల షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరకో వెళతాడు. అసలు జబ్బు తేలడం మళ్లీ వాయిదా పడుతుంది.

ఈ ప్రాంతంలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను గమనించిన తీరు చెబుతాను. టోకెన్ వరుసలోనే రావాలని గోడ మీద రాసి ఉంది. ఫోను మోగినప్పుడల్లా ఆ వరుస ఆగింది. ఫోను చేయించినవారు తిన్నగా లోపలికి వెళ్లారు. చీటీ రాసే మనిషి కొత్తవారిని అడిగిన ప్రశ్న: “ఊళ్లోనా, కాలనీనా? ఎవరి తాలూకు?” మన పల్లెల్లో కాలనీ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇది కులం కాదు, పరిచయం అని కొందరంటారు. ఆ పరిచయం ఎవరికి ఉంటుంది? వైద్యునితో చదువుకున్నవారికి, ఆయన భవనం యజమానికి, వియ్యాల వారికి. ఈ బంధాలన్నీ తరతరాలుగా కులం గీసిన గిరిలోనే అల్లుకున్నవి. సిఫారసు చేసేవానికి ద్వేషం ఉండనక్కరలేదు. ఫలితం మాత్రం ద్వేషం ఉన్నట్టే ఉంటుంది.

ప్రభుత్వాసుపత్రుల్లో క్యూఆర్ కోడ్‌తో ఓపీ నమోదు వచ్చింది. యంత్రం ఎవరి తాలూకు అని అడగదు. కాని అది స్మార్ట్‌ఫోను అడుగుతుంది. అది లేనివారికి సాయపడే మనిషి బల్ల దగ్గర ఉండకపోతే పాత వరుసే కొత్త రూపంలో తిరిగి వస్తుంది.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నడుస్తున్న టోకెన్ సంఖ్య అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలి. ఫోను మీద ఇచ్చే టోకెన్లు ఎన్నో ముందే ప్రకటించాలి. వరుస దాటే హక్కు జబ్బు తీవ్రతకే ఉండాలి. పాలిష్ ఫ్యాక్టరీలున్న చోట సాయంకాలం ఓపీ నడపాలి. మన రాష్ట్రంలో నెలనెలా 30న పౌరహక్కుల దినం జరుపుతున్నారు. ఆ సభను ఒక నెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆవరణలో పెట్టి, వంతు ఎలా ఇస్తున్నారో రోగుల నోటనే వినాలి. వారు చెప్పినది జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందుకు వెళ్లాలి.

రెండు గ్లాసుల పద్ధతిని అంటరానితనమని గుర్తించడానికి మనకు చాలా కాలం పట్టింది. రెండు వరుసల పద్ధతిని గుర్తించడానికి అంత కాలం తీసుకోరాదు. టీ చల్లారితే మళ్లీ కాచుకోవచ్చు, జబ్బు మాత్రం ఎవరి వంతు కోసమూ ఆగదు.